ఆదివారం అమావాస్య నాడు వేసిన విత్తనాలు

పోయిన వారం కరివేపాకు మొక్క కొందామని మన్నెగూడ దగ్గర నర్సరీలోకి వెళితే, ఒక మూల నల్ల కవర్లలో వరసగా కోన్‌ఫ్లవర్ మొక్కలు కనిపించాయి. నడుమ ముళ్ళముళ్ళ బుడిపె, దాని చుట్టూ కిందికి వాలిన గులాబీ రంగు రేకులు, చూడడానికి ఎంతో సాధువైన పువ్వు. పక్కవాళ్ళు ముచ్చటపడి ఫోటోలు తీసుకుంటుంటే నేను మాత్రం రెండడుగులు వెనక్కి వేశాను. కరివేపాకు సంగతే మరిచి బయటికి వచ్చేశాను. పువ్వును చూసి జడుసుకునే మనిషి ఎక్కడైనా ఉంటుందా అని మీరు నవ్వుతారు. నవ్వుదురుగాని, ముందు ఇది వినండి.

కొత్త రాష్ట్రం వచ్చిన తొలి రోజులవి. మా సొంతూరు కృష్ణా జిల్లా అయినా, ఇక్కడ సిటీ శివారు ఇబ్రహీంపట్నంలో ఒక కాలేజీ ఆఫీసులో నాకు గుమాస్తా ఉద్యోగం, మా ఆయనది నెలలో సగం రోజులు ఊళ్ళు తిరిగే ఉద్యోగం. చిన్న ప్లాటు కొని రెండు గదులు వేసుకున్నాం. ముందు జానెడు జాగా మిగిలింది గానీ అదంతా మొరం, గడ్డపార వేస్తే ఖంగుమనేది. ఊటీలో తోటపని చేసే మా తమ్ముడు వచ్చినప్పుడు ఈ కోన్‌ఫ్లవర్ విత్తనాలు పొట్లం కట్టి ఇచ్చాడు. చలి తగలందే ఇవి సరిగా మొలవవట, అందుకని సగం విత్తనాలు తడి ఇసుకలో కలిపి, చేతికందిన పాత ఎర్ర జాకెట్టు ముక్కలో మూటకట్టి, నెల్లాళ్ళు ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కన ఉంచాను. నేలకు బలం రావాలంటే కోడిగుడ్డు పెంకులు, పిండేసిన నిమ్మచెక్కలు, దువ్వెనకు చిక్కిన జుట్టు గుంటలో వేయమని, చీమలు విత్తనాలు ఎత్తుకుపోకుండా చుట్టూ పసుపు చల్లమని కూడా వాడే చెప్పాడు.

ఉద్యోగస్తురాలికి తీరిక దొరికేది ఆదివారమే కదా. ఒక ఆదివారం ఎండ దిగాక అన్నీ గుంటలో వేసి, మట్టి కప్పి, విత్తనాలు చల్లి, తడి ఆరకుండా ఆ ఎర్ర గుడ్డనే పైన పరిచి, పసుపు చల్లి, చేతులు కడుక్కుని లోపలికి పోయాను. ఆ రోజు అమావాస్య అన్నది నాకు తోచనే లేదు. ఎర్ర గుడ్డ, నిమ్మకాయ, గుడ్డు, పసుపు, ఆడదాని జుట్టు, అందులోనూ ఆదివారం అమావాస్య! మన తరం వాళ్ళకు ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

పొద్దున్నే కేకలు వినిపించి తలుపు తీశాను. గుడ్డు వాసనకు వీధికుక్క గుంట తవ్వి, అందులోవి సగం పక్కింటి గేటు ముందుకు ఈడ్చి పడేసింది. పక్కింటావిడ నాకన్నా చిన్నది, నన్ను నోరారా అక్కా అని పిలిచేది, పండక్కి సకినాలు పంపేది. వాళ్ళ అయిదేళ్ళ పాప ఆ రాత్రి నుంచే కాలిపోయే జ్వరంతో పడి ఉందట. పాప తల్లి గేటు పట్టుకుని ఏడుస్తూ, "నా బిడ్డ నిన్నేం జేసింది అక్కా, మా ఇంటి ముంగట గిదేంది?" అంటుంటే చుట్టూ మనుషులు చేరారు. గుంపులోంచి ఎవరో బాణామతి అన్నారు. చేతబడికి ఈ వైపు పేరు అది. ఆ పేరు పడ్డ ఆడవాళ్ళను చెట్టుకు కట్టేశారని, పళ్ళు ఊడగొట్టారని బస్సులో ఎన్నోసార్లు విన్నాను. వింటున్నప్పుడు అయ్యో అనుకున్నానే గానీ అది నా గుమ్మంలోకి వస్తుందని ఏనాడూ అనుకోలేదు. మా ఆయన ఊళ్ళో లేడు. నా యాస వినగానే ఎక్కడి నుంచి వచ్చారని అడిగే రోజులు. గడప దాటకుండా తలుపు రెక్క చాటున నిలబడ్డాను. పాపను నానమ్మ ఒళ్ళో కూర్చోబెట్టి బండి మీద దవాఖానకు తీసుకుపోతూ వాళ్ళాయన నా వైపు చూసి, "బిడ్డకేమన్న అయితే నేను మంచోణ్ని గాను" అన్నాడు.

వీధి చివర కోళ్ళు పెంచే ముస్లిం పెద్దావిడ ఒకరు ఉండేది, అందరూ ఖాలా, అంటే పిన్ని, అనేవాళ్ళు. గుంపును తోసుకుంటూ వచ్చి నా రెక్క పట్టుకుని గుంట దగ్గర కూర్చోబెట్టింది. "నోరు తెర్వు బిడ్డా. ఊకుంటే తప్పు జేసినవనే అనుకుంటరు. ఏమేసినవో ఒక్కొక్కటి తీసి చెప్పు, అందరికి ఇనబడాలె" అంది. మట్టి తోడుతూ, ఇది నిమ్మచెక్క, నిన్నటి పులిహోరది, ఇది నా జుట్టే, ఇవి గుడ్డు పెంకులు అని బడిపిల్లలా అప్పజెప్పాను. పెంకుల దగ్గరకు రాగానే ఖాలా నడుము మీద చేయి పెట్టుకుని, "గుడ్లు నా కోళ్ళయే. మరి నన్ను గూడ పట్టుకపోతరా?" అంది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. పాప తల్లి నవ్వలేదు.

పాపది డెంగీ అన్నారు. రక్తంలో కణాలు పడిపోతున్నాయని సిటీకి తీసుకుపోయారు. దోమ కుట్టిన జ్వరమని వీధికంతా తెలుసు, అయినా పాప తిరిగి రాకపోతే ఆ మాట ఎవరికి గుర్తుంటుంది? ఆ జ్వరం తగ్గితేనే నేను ఆ వీధిలో బతకగలను. పగలు కూడా గడియ పెట్టుకుని, బండి చప్పుడైతే వెనక గదిలోకి పరుగెత్తి, తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. ఆ పాప కోసమే మొక్కానని చెప్పడానికి నాకు నోరు రాదు. మా ఆయన తిరిగొచ్చి పుట్టింటికి పొమ్మన్నాడు. పోతే తప్పు ఒప్పుకున్నట్టేనని ఖాలా ఆపింది.

చివరికి ఒక మధ్యాహ్నం పక్కింటి ముందు ఆటో ఆగింది. కిటికీ సందులోంచి చూస్తే, తల్లి ఒళ్ళో పాప బిస్కెట్ తింటోంది. నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. సాయంత్రం పాప తల్లి గోడ మీదుగా, "జర నయమైంది అక్కా" అంది, అంతే. క్షమాపణలు ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

మిగిలిన విత్తనాలు చలికాలంలో కుండీల్లో వేశాను. ఈసారి పట్టపగలు, పదిమంది తిరిగే వేళ. మట్టి కదిలిన చప్పుడైతే చాలు, గోడ అవతల నుంచి "ఏమేస్తున్నవ్ అక్కా?" అని వినిపించేది. ఒక్కొక్కటీ పైకి చెబుతూ వేసేదాన్ని. ఆ అడగడంలో స్నేహం ఎంతో కాపలా ఎంతో నేనెప్పుడూ తేల్చుకోలేకపోయాను. మరుసటి ఏడు పువ్వులు విరగబూస్తే ఆమే అడిగి కోసుకుపోయి బతుకమ్మలో తంగేడు పక్కన పేర్చింది. వీధంతా సంబరపడుతుంటే, నా పువ్వుల వల్ల ఎవరికైనా తుమ్ము వస్తుందేమోనని నేను ఒక్కొక్కరి ముఖమే చూస్తూ ఉన్నాను.

ఇప్పుడు ఖాలా లేదు. పక్కింటివాళ్ళు జాగా అమ్ముకుని తుక్కుగూడ వైపు వెళ్ళిపోయారు, అక్కడ అయిదంతస్తుల అపార్ట్‌మెంటు లేచింది. అందులో ఎవరుంటారో నాకు తెలియదు, ఇక్కడ నేనున్నానని వాళ్ళకూ తెలియదు. అద్దాల కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి. బాణామతి అనేవాళ్ళూ లేరు, గోడ మీద నుంచి పలకరించేవాళ్ళూ లేరు. అయినా కుండీలో ఏ విత్తనం వేసినా, ఇది వేపపిండి, ఇది బంతి, ఇది పసుపు అని పైకి చెప్పందే నా చేయి మట్టిలోకి పోదు. చెప్పి, గోడ వైపు తిరిగి కాసేపు ఆగుతాను. ఆ రోజుల్లో ఎవరైనా అడుగుతారేమోనని గుండె దడదడలాడేది. ఇప్పుడు ఎవరూ అడగరని తెలిసి దడదడలాడుతోంది.