గుండమరాజు సినిమాలో పోయిన సీను

పొద్దున్న వీధరుగు మీద పేపరు పడిన చప్పుడు వినగానే రత్నమాణిక్యం చేతిలో పని పక్కన పెట్టి, రెండు గ్లాసుల కాఫీతో బయటికి వచ్చేది. ఆమె మొగుడు వీరబ్రహ్మంగారు మొదటి పేజీ పైకి చదివి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "మాణిక్యం, ఇక్కడో సీను పోయింది" అనేవారు. ఏం సీనండీ అని ఆమె అడగాలి. మంత్రిగారు రాజీనామా చేశారని రాశారు గానీ, ఆ ముందు వాళ్ళావిడ ఆయన్ని ఏమందో రాయలేదని ఆయన చెప్పాలి. ఏమందో కూడా ఆయనే చెప్పాలి. ఇప్పుడు పేపరు మానిపించేసింది. రత్నమాణిక్యం ఒక్క గ్లాసు కాఫీ కలుపుకుని వంటింట్లోనే తాగేస్తోంది.

వీరబ్రహ్మంగారి గుణం అదొక్కటే. ఈ లోకంలో ఆయనకి ఏదీ పూర్తిగా కనపడేది కాదు. దేన్ని చూసినా మధ్యలో ఒక ముక్క తెగిపోయిందనేవారు. తెగిన ముక్కని అక్కడికక్కడే నోటితో అతికేవారు.

గంగరాజుగారమ్మాయి పెళ్ళి వీడియో వేస్తే, తలంబ్రాలు అవుతుండగా లేచి నిలబడ్డారు. "ఇక్కడ పెళ్ళికొడుకు మేనమామ అలిగి అరటిచెట్టు కింద కూర్చున్న సీను తీసేశారు!" నిజంగానే అలిగాడు. ఆ సంగతి అందరూ మర్చిపోయి ఆరునెలలైంది. ఆ కేసెట్టు పుణ్యమా అని మేనమామ మళ్ళీ అలిగాడు.

ఇంట్లో గొడవపడినా అంతే. "మూడుసార్లు పిలిచాను భోజనానికి, మీకు వినపడదా?" అని ఆమె అరిస్తే, ఆయన ప్రశాంతంగా, "కోపం సీను బాగుంది. దీనికి ముందు నువ్వు మెల్లిగా పిలిచిన సీను ఉండాలే, అది ఎగిరిపోయింది" అనేవారు. ఆమెకి నవ్వొచ్చేసేది. నవ్వాక ఇంకేం పోట్లాడుతుంది?

చివరికి రాజమండ్రి ఆసుపత్రిలో డాక్టరుగారు ఎక్స్‌రే దీపానికి పెట్టి చూపిస్తే, దాన్ని కూడా తేరిపార చూశారు. "మధ్యలో కాస్త తెగిందండి డాక్టరుగారూ. జాయింటు పడుద్దంటారా?" డాక్టరుగారు నవ్వలేదు. రత్నమాణిక్యం పమిట చెంగు నోట్లో కుక్కుకుంది. అది నవ్వో మరోటో ఆమెకే తెలియలేదు. కార్తీకం వెళ్ళకుండానే ఆయన వెళ్ళిపోయారు.

ఈ గుణం ఆయనకి ఉద్యోగం వల్ల అంటుకుందని ఊరంతా అనుకునేవారు. నరసాపురం దగ్గర ఆ పల్లెలో టూరింగ్ టాకీసు డేరా ఉన్నన్నాళ్ళూ ఆయనే ఆపరేటరు. నాలుగైదేళ్ళు ఊళ్ళన్నీ తిరిగి తిరిగి అరిగిపోయాక గానీ అక్కడికి సినిమా పెట్టెలు వచ్చేవి కావు. రోజుకి నాలుగుసార్లు ఫిల్ము పుటుక్కుమనేది. తెగిన చోట కత్తిరించి, సొల్యూషన్ రాసి అతికితే మళ్ళీ నడిచేది. కత్తిరించినదేదో పోయినట్టే. రత్నమాణిక్యం కాపురానికి వచ్చేసరికే ఆయనకి ఈ అలవాటు ముదిరి ఉంది.

అన్నిట్లోకీ ఆయన ప్రాణం "గుండమరాజు చరిత్ర". కప్పం కట్టనని కోట తలుపులు మూసుకున్న ఒక రాజు కథ. అరవై నాలుగులో ఆ సినిమావాళ్ళు సైన్యం నది దాటే సన్నివేశం కోసం గోదారికి వచ్చి, ఊళ్ళో పడవవాళ్ళని తలపాగాలు చుట్టి తీసుకెళ్ళారట. అందులో సుబ్బాయమ్మ మొగుడు చిట్టియ్య ఒకడు. సినిమా విడుదల కాకముందే జ్వరమొచ్చి పోయాడు. మద్రాసు నుంచి సినిమా ఈ డేరాకి చేరేసరికి ఆరేళ్ళు పట్టింది. సుబ్బాయమ్మ నేల టిక్కెట్టు కొనుక్కుని కూర్చుంటే, ఎక్కడా చిట్టియ్య కనపడలేదు. ఆపరేటరు గదికెళ్ళి అడిగితే వీరబ్రహ్మంగారు, "ఉన్నాడమ్మా, ఆ సీను తెగిపోయింది" అన్నారు.

ఆ సీను ఏడాదికేడాది పెరిగింది. మొదట చిట్టియ్య తెడ్డు పట్టుకుని, "దాటించేస్తాను ప్రభూ" అన్నాడంతే. తర్వాత రాజు అతని భుజం మీద చెయ్యి వేశాడు. డేరా ఎత్తేసి, ఇంట్లో రేడియోల రిపేరు పెట్టుకుని, వీడియో కేసెట్టులో ఆ సినిమా వేసే రోజులు వచ్చేసరికి రాజు ఉంగరం తీసి ఇవ్వబోతే చిట్టియ్య వద్దంటున్నాడు. "చేలోకి దాటిస్తే కూలి పుచ్చుకుంటాను ప్రభూ, దేశం కోసం దాటిస్తే పుచ్చుకోను!" అని.

వీధిలో అందరికంటే పెద్ద రైతు పల్లంరాజుగారు పడక్కుర్చీలోంచి లేచిపోయేవారు. "ఇంకో రెండేళ్ళకి చిట్టియ్యని గద్దె ఎక్కిస్తావేంటి బ్రహ్మం?"

"అలా తియ్యలేదండి రాజుగారూ. ఉన్నదే కదండీ చెప్పాలి."

"ఆ సీను నా కళ్ళతో చూసిన రోజున ఈ మీసం తీసేస్తానయ్యా!"

సుబ్బాయమ్మ మాత్రం లేసు అల్లుకుంటూ తల ఊపేది. కేసెట్టు వేసిన ప్రతిసారీ వచ్చేది.

ఇప్పుడు ఆయన పోయి నాలుగు నెలలైంది. పల్లంరాజుగారు రాజమండ్రి నుంచి ఒక డీవీడీ తెచ్చారు. మీద గుండమరాజు బొమ్మ. పాత ఫిల్మునంతా శుభ్రం చేసి, పోయిన భాగాలన్నీ వెతికి కలిపి, పూర్తి నిడివితో విడుదల చేశామని అట్ట మీద రాశారు.

"చూశావా చెల్లెమ్మా, పోయినవన్నీ దొరికాయంట" అన్నారు రాజుగారు, ఎటో చూస్తూ.

రత్నమాణిక్యం అట్ట మీది అక్షరాలు మళ్ళీ చదివింది. సీను ఉంటే ఆయన మాట నిలుస్తుంది. లేకపోతే? ముప్పయ్యేళ్ళకి పైగా ఒక ముసలిదాన్ని కూర్చోబెట్టి అబద్ధం చెప్పినవాడైపోతాడు. తిరిగి ఒక మాట అనడానికి మనిషి లేడు.

"మా ఇంట్లో ప్లేయరు లేదండి అన్నయ్యగారూ."

"మాది తెచ్చాను. సుబ్బాయమ్మకీ కబురు పెట్టాను."

మధ్యాహ్నం మూడింటికి రత్నమాణిక్యం ముందు గదిలో చాప పరిచింది. సుబ్బాయమ్మ లేసు సంచితో వచ్చి గోడకి ఆనుకుంది. బొమ్మ పడింది. గీతలు లేవు, వాన కురిసినట్టు చుక్కలు లేవు. గుండమరాజు మొహం మీద చెమట కూడా కనపడుతోంది. గంటన్నరకి గోదారి వచ్చింది. మునుపు రెండు పడవలు కదలగానే ఎగిరిపోయే సన్నివేశం, ఇప్పుడు సాగుతూనే ఉంది. నది నిండా పడవలు. చీమల బారులాగా ఎక్కడో దూరంగా. ఒక్క మొహమూ కంటికి ఆనలేదు. పడవలు అవతలి ఒడ్డుకి చేరాయి. రాజు గుర్రం ఎక్కాడు. ఆ సీను అయిపోయింది.

రత్నమాణిక్యం తల ఎత్తలేకపోయింది. మీసం పోతే పోయింది, ఆ సీను ఉంటే బాగుండునన్నట్టు కూర్చున్న రాజుగారు, రిమోటు నొక్కి బొమ్మ ఆపారు. గట్టిగా దగ్గారు.

"ఈ కంపెనీవాళ్ళు ఏదో తేడా చేశారండి. ఇక్కడ... ఇక్కడేదో సీను పోయింది."

"ఊరుకోండి రాజుగారూ, మీకు చేతకాదు" అంది సుబ్బాయమ్మ. ఆమె వేళ్ళు లేసు మీద ఆగలేదు. "మా ఆయన సినిమాలో లేడని నాకు మొదటిరోజే తెలుసు."

"తెలుసా పిన్నీ?"

"మా ఆయనకి నత్తి కదమ్మా! సుబ్బాయీ అని నన్ను పిలవడం మొదలెడితే పిలుపు పూర్తయ్యేసరికి పడవ సగం గోదారి దాటేసేది. అలాంటోడు రాజుతో అంత దండకం చదివాడంటే నేను నమ్ముతానా? పాపం బ్రహ్మంబాబుకి ఆ సంగతి తెలీదు. తను ఈ ఊరొచ్చేసరికే మా ఆయన పోయాడు కదా."

రాజుగారు కిసుక్కుమని నవ్వి, తప్పు చేసినట్టు నోరు మూసుకున్నారు.

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు విన్నావు?" అంది రత్నమాణిక్యం.

"ఎందుకేంటి? ఇంట్లో ఫొటో కూడా లేదు. బతికినన్నాళ్ళూ నాలుగు మాటలకి ఎంత ఆయాసపడేవాడో! మీ ఆయన నోట్లో పడ్డాక గడగడా మాట్లాడేవాడు. ఏడాదికో కొత్త మాట. ఈసారి ఏమంటాడో విందామని వచ్చేదాన్ని." సుబ్బాయమ్మ దారం కొరికి తెంపింది. "నీకు తెలీందొకటి చెప్పనా? నాకంటే ముందు మీ ఆయన ఎవరికీ సీను పోయిందని చెప్పేవాడు కాదు. అలా చెబితే డేరాలో జనం గోల చేస్తారని ఆపరేటర్లు పైకి అనరంట. నాకు చెప్పిన మర్నాడు నీళ్ళరేవులో ఆడోళ్ళు నవ్వారు. ఈవిడగారి మొగుడి సీనొక్కటే తెగిందంట అని. ఆ మాట ఆయన చెవినీ పడింది. ఆ రాత్రి ఆట నుంచే మొదలెట్టాడు, ప్రతి సినిమాలోనూ సీను పోయిందని అరవడం. తర్వాత పెళ్ళిళ్ళూ, పేపర్లూ. నన్ను చూసి నవ్వడం మానేసి, ఊరంతా ఆయన్ని చూసి నవ్వింది."

ఆయన పిచ్చి అనుకుని తను విసుక్కున్న పొద్దులన్నీ రత్నమాణిక్యానికి వరసగా గుర్తొచ్చాయి. ఏడుపొస్తుందనుకుంది. చిట్టియ్య ఉంగరం వద్దంటున్నట్టు మొగుడు చెయ్యి ఊపిన తీరు కళ్ళముందు మెదిలి, నవ్వొచ్చింది.

"మిగతాది రేపు చూద్దాం, నడుం పట్టేసింది" అని సుబ్బాయమ్మ సంచి సర్దుకుని లేచింది. "ఆ పడవలు దాటేచోట ఆపి, ఏదో ఒకటి చెప్దువుగాని."

"నేనా? నాకు మాటలు రావు పిన్నీ."

"మా ఆయనకి మాత్రం వచ్చాయేంటి?"

ఇద్దరూ వెళ్ళాక రత్నమాణిక్యం చీపురు పట్టుకుంది. రాలిన దారం ముక్కలు ఊడ్చింది. చాప చుట్టబోయి ఒక అంచు పైకెత్తి, మళ్ళీ కింద పరిచేసి, దాని చుట్టూ ఊడ్చుకుంటూ వెళ్ళిపోయింది.