ఈగ వాలని చేప

ఈగను నాకంటే ఎక్కువ తిట్టినవాళ్ళు ఈ తీరంలో ఉండరు. చేపలు ఎండబెట్టి బతికేదాన్ని, తిట్టక ఏం చేస్తాను? అయినా ఈరోజు ఈగ తరఫున రాయడానికి కూర్చున్నాను. మా ఇసుక మీద ఏం జరుగుతోందో మనుషులు నోరు విప్పి చెప్పకముందే అది చచ్చి చూపించింది.

మాది బారువకు దిగువన, సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. పడవల దగ్గర అమ్ముడుపోగా మిగిలిన చేపను మేం ఆడవాళ్ళం కడిగి, పొట్ట చీల్చి, ఉప్పు పట్టించి, పాత వలల మీద ఆరబెడతాం. మా అత్త నాకు ఒకటే మాట చెప్పేది: చేపను వంచితే విరగాలి. అంతవరకూ ఎండితే ఈగ వాలినా దానికి అక్కడ పని ఉండదు, గుడ్డు పెట్టడానికి తడి దొరకదు. మబ్బు పట్టిన రోజుల్లో మాత్రం కొబ్బరాకు పట్టుకుని తోలుకుంటూ కూర్చోవాలి. నడుము విరిగే పనే, కానీ అందులో విషం లేదు.

ఆ పద్ధతిని వ్యాను చెడగొట్టింది. పలాస వైపు నుంచి ఒక వ్యాపారి వ్యాను వేసుకుని వస్తాడు. విరిగే చేప అతనికి వద్దు. బరువు తూగాలి, మెత్తగా ఉండాలి. సగం పచ్చిగా ఉండగానే ఎత్తుకుపోతాడు. సగం పచ్చి చేప మీద ఈగలు మూగితే మళ్ళీ అతనే ముక్కు మూసుకుంటాడు.

"ఏటత్తా, ఈగలకి సంత పెట్టినావేటి?" అన్నాడు ఒకసారి నా గంప చూసి.

"సగం పచ్చి సేప కావాలన్నది నువ్వే గదా బాబూ. ఈగలు రాక నీ బామ్మర్దులొత్తారా?"

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వి, నా గంప దాటుకుని నా తోటికోడలి గంప దగ్గరకు వెళ్ళాడు. ఆమె చేప మీద ఒక్క ఈగ లేదు. ఒక చేపను తోక పట్టుకుని ఎత్తి, "సేపంటే ఇదీ. ఈగ వాలనేదు సూడు" అన్నాడు. ఆ రోజు నుంచి మా వీధిలో అదే గొప్ప అయిపోయింది.

ఈగ ఎందుకు వాలలేదో అతనికి తెలుసు, మాకూ తెలుసు. ఆమె మొగుడు, నా మరిది, జీడితోటల్లో మందు కొట్టే పనికి వెళ్తాడు. జీడిపూత మీద పురుగు పడితే పూత మాడిపోతుంది, దానికి కొట్టే మందు. సీసా అడుగున మిగిలినది ఇంటికి తెచ్చాడు. బకెట్టు నీళ్ళలో ఒక మూత పోసి, చేపను ముంచి తీసి ఆరబెట్టారు. మొదట్లో ఆ చేప మీద వాలిన ఈగలు వెల్లకిలా పడి, ఇసుకలో గిరగిరా తిరిగి చచ్చేవి. తర్వాత దగ్గరకు రావడం మానేశాయి. చీమల బారు కూడా ఆ వల చుట్టూ తిరిగి, నా వల కిందికి వచ్చేది. రాలిన చేప తలకాయలను చీమలు సైతం ముట్టుకోలేదు. చీమ వద్దన్న తిండి పట్నంలో పిల్లల కంచాల్లోకి పోయింది.

కొన్నాళ్ళకు ఈగలు మళ్ళీ వచ్చాయి. ముందు వాలి లేచిపోయేవి. తర్వాత కూర్చుని తీరుబడిగా కాళ్ళు రుద్దుకోవడం మొదలుపెట్టాయి. ఇందులో మాయ ఏమీ లేదు. మందుకు చావని ఈగలు గుడ్లు పెట్టాయి. వాటి పిల్లలు తల్లుల కంటే మొండివి. తోటలోనూ ఇదే జరుగుతోందని మరిదే చెప్పాడు. పూత తినే పురుగు ఏటికేడు మొండిదవుతోంది. పూతకు పిందె పట్టించే తేనెటీగలకు మాత్రం ఆ మొండితనం రాలేదు. పూత మీద ఉండగానే మందు పడితే చెట్టు కింద రాలిపోతున్నాయి. వేసవిలో మా బావి గట్టు మీద తడికి గుంపుగా వాలేవి, నీళ్ళు తోడాలంటే భయం వేసేది. ఇప్పుడు ఎప్పుడో ఒకటీ అరా వస్తోంది. చావాల్సింది బతికింది, బతకాల్సింది చచ్చింది. దానికి మనవాళ్ళు కనిపెట్టిన విరుగుడు ఏమిటంటే, ఇంకో మూత.

మా ఇంట్లోకి ఆ బకెట్టు నా కోడలి చేత్తో వచ్చింది. నా కొడుకు గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్ళాడు. ఇంట్లో నేను, కోడలు, ఇంకా పాలు తాగే మనవరాలు. పిల్లకు పళ్ళు వస్తున్నాయి. దొరికినదల్లా చిగుళ్ళకేసి నలుపుతుంది. అన్నిటికంటే దానికి తల్లి వేళ్ళు ఇష్టం. ఒకరోజు నేను ఒడ్డు నుంచి వచ్చేసరికి కోడలు మోచేతుల వరకూ ఆ నీళ్ళలో పెట్టి చేపలు ముంచుతోంది. పిల్ల పక్కనే చాప మీద ఏడుస్తోంది.

"ఏటే ఇది?"

"నన్నేటి సెయ్యమంటావత్తా? మన గంప ఎవులూ ముట్టుకోడం నేదు. నువ్వు ఈగలు తోలుకుంటా కూకో."

"ఆ సేతుల్తో పిల్లనెత్తుకుంటావా?"

"సబ్బెట్టి కడుగుతాను."

"కడిగి వాసన సూడు."

కడిగింది. వాసన చూసుకుంది. మళ్ళీ కడిగింది. "నా పిల్లని నానెత్తుకోకపోతే ఇంకెవులెత్తుకుంటారు?" అని ఏడ్చింది. అప్పటికే కోడలి వేళ్ళ సందుల్లో చర్మం ఎర్రగా పొరలు లేచి ఉంది.

నేను ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని. సీసా తీసుకుని, కూడబలుక్కుని పైకి చదివాను. ఆహార పదార్థాలకు దూరంగా ఉంచవలెను. నా తోటికోడలు గుమ్మంలోంచి విని, "ఓలమ్మో, మా అప్ప పంతులమ్మైపోనాది" అని పగలబడి నవ్వింది. అది తెలియనిదెవరికి? అందరికీ తెలుసు. అందుకే వాళ్ళింట్లో వండుకునే చేపను ముంచరు, వేరే తీసి పెట్టుకుంటారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఈ ఉద్దానంలో కిడ్నీలు పోయినవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. నా మొగుడూ అలాగే పోయాడు. ఎందుకొస్తోందో పెద్ద పెద్దవాళ్ళకే తేలలేదంటారు. నేను తేల్చానని చెప్పను. తేలని సంగతి తేలేవరకూ, తెలిసిన విషాన్ని చేతులారా కలుపుకోవాలా?

కోడలు మానలేదు. మానితే గంప మిగిలిపోతుంది. రోజూ గొడవే. నేను పిల్లను లాక్కోవడం, అది పాలకు ఏడవడం.

ఒకరోజు వ్యాపారి వ్యాను దిగి గంపల దగ్గరకు పోకుండా నేరుగా మా ఇంటికి వచ్చాడు. ఎన్నడూ లేని మర్యాదతో అరుగు మీద కూర్చున్నాడు.

"అత్తా, మా అమ్మాయికి పురుడొచ్చింది. పాలు సాలడం నేదు. పాలసొర ఎండింది ఉంటే ఇయ్యి." గొంతు తగ్గించాడు. "మందు తగల్నిది. నీ దగ్గరే ఉంటాదని నాకు తెలుసు. ఈగలు వాలినా పరవానేదు."

బాలింతకు ఎండు సొరచేప పెడితే పాలు పడతాయని మా నమ్మకం. మా ఇంట్లో సొర ఉంది. నా కోడలి కోసం నేనే ఎండబెట్టి దూలానికి వేలాడదీశాను.

నేను నోరు తెరిచేలోపు కోడలు లోపలి నుంచి వచ్చింది. చంకలో పిల్ల. మాడిపోయిన చేతులు అతని ముఖం ముందు పెట్టింది.

"నానూ పిల్లకి పాలిత్తన్నాను బాబూ."

అతను చేతుల వంక చూసి తల తిప్పుకున్నాడు. "ముంచమని నానెప్పుడైనా సెప్పినానా?"

నిజమే, ఎప్పుడూ చెప్పలేదు. తోక పట్టుకుని ఎత్తి మెచ్చుకున్నాడు, అంతే. సీసా తయారు చేసినవాడు చెప్పలేదు, అమ్మినవాడు చెప్పలేదు, కొన్నవాడు చెప్పలేదు. చెప్పనివాళ్ళంతా కలిసి నా కోడలి చేతులు బకెట్టులో పెట్టారు.

సొర ఇవ్వలేదు. ఆ బాలింత ఏం పాపం చేసిందని మీరు అడగవచ్చు. ఏ పాపమూ చేయలేదు. నా కోడలూ చేయలేదు. ఉన్న ఒక్క సొర దాని కోసం. లేచి వెళ్ళమన్నాను. వెళ్ళాడు. వ్యాను ఇక మా గుమ్మం ముందు ఆగదు. విరిగేవరకూ ఎండబెట్టిన చేపను గంపకెత్తి బస్సులో నందిగాం తీసుకెళ్ళి అమ్ముకుంటున్నాం. కొన్నిసార్లు సగం గంపతోనే తిరిగి వస్తున్నాం.

ఆ రోజు అతను వెళ్ళాక కోడలు బకెట్టు ఎత్తింది. గుమ్మం దాటి ఆగిపోయింది.

"ఎక్కడ పారబొయ్యాలత్తా?"

బావి పక్కన పోస్తే బావిలోకి దిగుతుంది. కొబ్బరి మొదట్లో పోస్తే కాయలోకి ఎక్కుతుంది. ఒడ్డున పోద్దామంటే ఇసుక నిండా ఎర్ర పీతలు. పురుగుమందులమ్మే దుకాణానికి వెళ్ళి అడిగాను. "ఎక్కడో ఒకసోట పారబొయ్యమ్మా, ఎవులు సూత్తారు?" అన్నాడు.

తిరిగి వచ్చి, బకెట్టుకు మూత పెట్టి వలతాడుతో బిగించి కట్టాను. పిల్లలకు అందకుండా వీధి వైపు గోడ మీదికి ఎక్కించాను. వ్యాను తిరిగే దారి అదే. మూత మీద, బకెట్టు చుట్టూ, తారుతో నాకు వచ్చినంత పెద్ద అక్షరాలతో 'విషం' అని రాశాను.

నా తోటికోడలు పరుగెత్తుకొచ్చింది. "అప్పా, అక్కడెందుకెట్టినావు? వ్యానుబాబు సూత్తే మన ఈధికే రాడు!"

"సూడనీ," అన్నాను. "సదువొచ్చినోళ్ళందర్నీ సూడనీ."