నేనే అంటే ఎవరు?

ఆయన 'నేనే' అన్న మాటకి తలుపు తియ్యడు.

లోకంలో ఎక్కడైనా తలుపు తడితే లోపల్నించి "ఎవరూ?" అంటారు, బయటివాళ్లు "నేనే" అంటారు, గడియ తీస్తారు. దొంగవెధవ కూడా 'నేనే' అనగలడన్న అనుమానం మనకెవరికీ రాదు. ఆయనకి మాత్రం పుట్టుకతోనే వచ్చినట్టుంది. బస్సుల కంపెనీలో డేటాబేస్ చూసే ఈ పెద్దమనిషికి ఆఫీసంతా కలిసి 'ఎవరండీగారు' అని పేరు పెట్టుకుంది.

భార్య ఫోన్ చేసినా ఇంతే.

"నేనండీ."

"నేనంటే?"

"మీ ఖర్మని!"

"ఆఁ, చెప్పు చెప్పు."

ఒకసారి మేనేజరు వచ్చి ఆయన గది తలుపు దబదబా బాదాడు. "నేనయ్యా! మేనేజర్ని!"

"మేనేజరంటే కుర్చీ పేరు సార్. అందులో కూర్చునేదెవరు?"

పాపం మేనేజరు వరండాలో నిలబడి, ఇంటిపేరుతో సహా చెప్పుకుని లోపలికెళ్లాడు.

ఇలాంటి మనిషికి ఆ ఆఫీసు డేటాబేస్ నిత్యనరకం. బస్సుల వేళలూ, ప్లాట్‌ఫారాలూ అన్నీ అందులోనే ఉంటాయి. దానికి SQL అనే డేటాబేస్ భాషలో ప్రశ్నలూ, మార్పులూ రాసే టూల్‌లోకి అందరూ ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డ్‌తో దూరేవాళ్లు. ఆ పాస్‌వర్డ్ ప్రింటరు నెత్తిన అంటించి ఉండేది. కాఫీ మెషీన్ బాగుచెయ్యడానికి వచ్చినవాడికి కూడా కంఠతా వచ్చు. గోడమీద మాత్రం 'భద్రత మనందరి బాధ్యత' అని పోస్టరు. అందరిదీ అంటే ఎవరిదీ కాదని అర్థం. ఏదైనా తగలడితే అందరూ కలిసి కొత్తగా చేరినవాళ్ల మొహం చూసేవాళ్లు.

"అసలీ 'అందరూ' అనే ఆయన ఎవరండీ? ఏ సీట్లో కూర్చుంటాడు?" అని ఎవరండీగారు పళ్లు నూరేవాడు.

చివరికి పంతం పట్టి, ఆ టూల్‌ని కంపెనీ క్లౌడ్ డైరెక్టరీకి ముడిపెట్టాడు. డైరెక్టరీ అంటే ఉద్యోగులందరి గుర్తింపూ, ఎవరు ఏ గుంపో ఉండే చోటు. ఇక టూల్ తెరిస్తే ముందు డైరెక్టరీ దగ్గరికి తోలుతుంది. అక్కడ ఎవరి పేరు వాళ్లు చెప్పుకోవాలి, ఫోన్ మోగితే 'అవును, నేనే' అని నొక్కాలి. అప్పుడు గంటసేపు చెల్లే టికెట్ ఒకటి పుడుతుంది. అది చూస్తేనే డేటాబేస్ నోరు విప్పుతుంది. చదివే గుంపు చదవాలంతే, మార్చే గుంపే మార్చాలి.

"బస్సుల కంపెనీ కదండీ, టికెట్ లేకుండా ఎక్కితే ఎలా?" అన్నాడాయన.

మొదటిరోజు అందరి ముందూ తనే తెరిచి చూపించబోయాడు. 'మీకు ప్రవేశం లేదు' అంది టూల్. ఆఫీసు మొత్తాన్నీ గుంపుల్లో చేర్చిన మహానుభావుడు తనని చేర్చుకోవడం మరిచిపోయాడు! నవ్వులకి గది అదిరిపోయింది. ఆయన మొహం మాత్రం వెలిగిపోయింది. "చూశారా? నన్నే రానివ్వలేదు. అంటే బ్రహ్మాండంగా పనిచేస్తోందన్నమాట!"

నవ్వలేకపోయింది టైంటేబుల్ సెక్షన్ గుమాస్తా ఒక్కతే. ఏళ్ల తరబడి టికెట్ కౌంటర్లో గొంతు చించుకుని, ఈమధ్యే ఈ సీటుకొచ్చింది. ఇంకా పర్మనెంట్ కాలేదు. ఒక్క తప్పు దొర్లితే మళ్లీ ఆ కిటికీ వెనక్కే. పాత పద్ధతిలోనైతే బుకాయించవచ్చు; ఇప్పుడు పేరుతో సహా దొరికిపోతుంది. 'ఈయన వేసింది తాళం కాదు, నా మెడకి ఉరి' అనుకుంది.

అనుకున్నంతా అయింది. ఒక ఉదయం ఒకే ఒక్క బస్సుని మూడో ప్లాట్‌ఫారానికి మార్చమన్నారు. ఆమె టూల్‌లో 'ప్లాట్‌ఫారం మూడు' అని రాసి, 'ఏ బస్సుకి' అన్న ముక్క మరిచిపోయి నొక్కేసింది. డేటాబేస్‌కి మొహమాటం ఉండదు. ఉన్న బస్సులన్నిటికీ మూడే రాసేసింది. బోర్డులన్నీ మూడే చూపించాయి. జనమంతా పెట్టెలతో, పిల్లలతో మూడో ప్లాట్‌ఫారం మీద విరుచుకుపడ్డారు. మిగతా చోట్ల డ్రైవర్లు ఖాళీ బస్సుల్లో ఈగలు తోలుకుంటూ కూర్చున్నారు.

ఆమె పరుగున వెళ్లి ఆయన తలుపు తట్టింది.

"ఎవరండీ?"

"నేనే సార్!"

"నేనే అంటే?"

పేరు చెప్పింది, సెక్షన్ చెప్పింది, చేసిన ఘనకార్యమూ చెప్పింది. గడియ తీశాడు. తిట్టలేదు. రాత్రి తీసిపెట్టిన కాపీలోంచి పాత ప్లాట్‌ఫారాలన్నీ తెచ్చి నింపాడు. బోర్డులు దారికొచ్చాయి. అంతలో మేనేజరు నిప్పులు తొక్కినట్టు వచ్చాడు.

"ఎవరిదండీ ఈ నిర్వాకం? మీ డైరెక్టరీ చెబుతుందిగా! చెప్పండి, ఎవరు?"

ఎవరండీగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నేనే."

మేనేజరు ఆగిపోయాడు. ఆయన మొహంలో కోపం పోయి, ఎన్నాళ్లనుంచో మూలుగుతున్న ఒక ఆశ మెరిసింది. "నేనే అంటే... ఎవరండీ?"

ఎవరండీగారు లేచి నిలబడి, ఇంటిపేరుతో సహా చెప్పుకున్నాడు. మేనేజరుకి కడుపు నిండిపోయింది. ఇంకేమీ అడక్కుండా, వరండా పొడుగునా నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

"అదేంటి సార్, అబద్ధం చెప్పారు?" అందామె.

"అబద్ధమేంటమ్మా? కొత్తవాళ్లని ముందు చదివే గుంపులో ఉంచాలి. మిమ్మల్ని తిన్నగా మార్చే గుంపులో పడేసిందెవరు? నేనేగా! ఎవరు చేశారో తెలియనప్పుడు తప్పెప్పుడూ కొత్తవాళ్లదే అవుతుందమ్మా. అది చూడలేకేగా ఇన్నేళ్లనుంచీ ఎవరండీ, ఎవరండీ అని అడిగి చస్తున్నది."

మర్నాటికి ఆమె చదివే గుంపులో ఉంది. ఇంకో బస్సు మార్చాల్సి వస్తే మళ్లీ ఆయన తలుపే గతి. తట్టింది.

"ఎవరండీ?"

"నేనే..." అనేసి నాలిక్కరుచుకుంది.

"ఏ నేనే?"

"మూడో ప్లాట్‌ఫారం, సార్!"

లోపల్నించి ముందు నవ్వు వినిపించింది. ఆ తరవాత గడియ.