గద్వాల చీర అంచులో పాట

పొద్దున ఏడింటికి నాగర్‌కర్నూల్ బస్టాండులో వనపర్తి బస్సెక్కాను. ఈ ప్రయాణానికి కారణం ఒక సగం చీర. మా ఆవిడకు గద్వాలలో చీర నేస్తున్న వెంకటమ్మ ముందురోజు ఫోన్ చేసింది. "చీర నడుమ ఆగింది సారూ. ఎల్లుండి మగ్గం విప్పేస్తం. వేరేకాడ కొనుక్కోండ్రి." ఎందుకని అడిగేలోపే పెట్టేసింది.

బస్సులో పాలమూరు ఆడవాళ్లందరూ ఉన్నారు. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి టికెట్ కొన్న ఏకైక ప్రాణిని నేనే, నిలబడ్డదీ నేనే. తెలకపల్లి పెద్దమ్మ ఒకామె జాలిపడింది. "పైసలిచ్చి నిలబడ్డవేంది కొడుకా? చీర కట్టుకొస్తే కూసుంటుంటివి గద!" బస్సు బస్సంతా నవ్వింది. ఆ నవ్వుకే రెండు మలుపులు దాటామని నా అనుమానం.

వనపర్తిలో ఇడ్లీ తిన్నాను. చట్నీ కారానికి నా పూర్వీకులంతా వరసగా కళ్ల ముందు నిలబడ్డారు. అక్కడ గద్వాల బస్సెక్కి పెబ్బేరు దాటాక కృష్ణ మీద వంతెన వచ్చింది. నీళ్ల మీదికి కొంగలు వాలుతుంటే బస్సంతా మాటలాపింది. నేనూ ఆపాను. మా ఇంట్లో చెప్తే నమ్మరు.

పదకొండున్నరకు వెంకటమ్మ ఇంటికి చేరాను. ఆమె, భర్త నరసన్న గుంట మగ్గం ముందు పక్కపక్కనే, చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. అటూ ఇటూ దారం మోసే నాడె ఒకరిది ఇవతలికి వచ్చే క్షణానికే రెండోవారి నాడె కదలాలి. అప్పుడే వరుసవరుసకూ నూలూ పట్టూ ముడిపడతాయి. ఇన్నేళ్లూ ఆ క్షణమేదో నరసన్న పాట చెప్పేది. ఈమధ్య గొంతులో గడ్డకు ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, గొంతు పోయింది.

"పాట లేక ఒకరికొకరం అందుతలేం సారూ," అంది వెంకటమ్మ, అంచు వెంబడి పడిన సందులు చూపిస్తూ.

"నువ్వే పాడరాదక్కా?"

"మా ఇంట్ల పాట ఆయనది. ఆయన ముంగట నేనెట్ల పాడుత?"

నరసన్న తల దించుకున్నాడు. అది చూడలేక నేనే పాడటం మొదలుపెట్టాను. గోడవతల మేక తాడు తెంపుకుని, నాకు తెలిసినంతలో, అవతలి ఊరు అయిజ దాకా పోయింది. నరసన్న ముఖం చిట్లించి, అరచేత్తో మగ్గం కర్ర మీద దరువు వేశాడు. అట్లా కాదు, ఇట్లా. మళ్లీ వేశాడు. వెంకటమ్మ పకపకా నవ్వింది. నవ్వు ఆగినచోట, తనకే తెలియకుండా, ఆ దరువు మీద పాట అందుకుంది. సగం చరణంలో ఉలిక్కిపడి భర్త వైపు చూసింది.

ఆయన ఆపలేదు. దరువును చేతి నుంచి కాలికి దించి, నాడె అందుకున్నాడు.

వాళ్లింట్లోనే జొన్నరొట్టె తిని బయల్దేరుతుంటే వెంకటమ్మ గడప దాకా వచ్చింది. "చీరయినంక ఫోన్ చేస్త. మీరు మాత్రం పాడకుండ్రి సారూ, మేకను ఎతకలేక సస్తున్నం. ఆ సందులు విప్పి మళ్ల నేస్తంలే."

"వద్దక్కా, అట్లనే ఉండనియ్యి," అన్నాను.

సాయంత్రం తిరుగు బస్సులో సీటు దొరికింది. వంతెన మీద నీళ్లు ఎర్రబడ్డాయి. పాటంటే పని ముగిశాక చేసుకునే సరదా అని ఈ వయసు దాకా అనుకున్నాను. రేపు చీర వచ్చాక మా ఆవిడ సందుల మీద వేలు పెట్టి ఇదేమిటని తప్పక అడుగుతుంది. నరసన్న పాడలేని రోజులని చెప్పాలి. ఆ వేలినే ఇంకాస్త ముందుకు జరిపి, మళ్లీ కలిసిన చోటు చూపించాలి. అక్కణ్ణుంచి వెంకటమ్మ పాట.