ఆ నంబరు ఎవరు మూయాలి?

మొఘల్‌పురాలో మా అన్నది పెళ్లి ఫొటోల స్టూడియో. ఓ రోజు అక్కడి పాత హార్డ్‌డిస్క్ టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. గల్లీ చివరి పెద్దాయన కూతురి పెళ్లి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. పెళ్లయిన నెలకే ఆయన తల్లి పోయింది.

"మా అమ్మ ఫొటో ఒక్కటన్న తీసియ్యి బిడ్డా" అని వచ్చి కూర్చున్నాడు. ఇక కదలడే!

మామూలుగా కాపీ చేస్తే చెడిపోయిన చోటల్లా ఆగిపోతోంది. సి భాషలో ప్రోగ్రాములు రాయడమే నా ఉద్యోగం కనుక, ఒక ఫోల్డరు చదువుతూనే ఇంకో ఫోల్డరులోని ఫొటోలు లాక్కొచ్చే ప్రోగ్రాం రాశాను. ముసలమ్మ వచ్చింది, మొహం వరకే. కిందంతా బూడిద రంగు. మళ్లీ నడిపితే ఆమె అసలే రాలేదు, ఇంకెవరో సగమయ్యారు.

"ఏందే గిది? నీకన్న నా కాపీ పేస్టే నయం" అన్నాడు అన్న.

"జర ఊకో అన్నా! డిస్కు ఖరాబైతే ఎప్పుడూ గదే ఫొటో పోవాలె గదా?"

ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. తప్పు నా ప్రోగ్రాంలోనే ఉంది. డిస్కు ఇంకెన్నిసార్లు తిరుగుతుందో తెలియదు.

ఫోల్డరు తెరిచినా, ఫొటో తెరిచినా సిస్టం దానికో నంబరు ఇస్తుంది. ఫోల్డరు నంబరును fdopendir అనే ఫంక్షనుకి అప్పగించి లోపలి ఫొటోల పేర్లు చదివించాను. పనయ్యాక, ఫోల్డరు మూసెయ్యమని closedir అన్నాను. తెరిచింది నేనే కదా అని, ఆ నంబరును మూసెయ్యమని close కూడా అన్నాను. మాన్యువల్ తీస్తే బుర్ర తిరిగిపోయింది. అప్పగించాక అది నాది కాదట, closedirయే మూసేస్తుందట. అప్పగింత కుదరకపోతే మాత్రం మళ్లీ నాదేనట. ఇదేం పద్ధతి!

చెప్పుల స్టాండుతో పోల్చి అన్నకు చెప్పాను. టోకెన్ తిరిగిచ్చేస్తే ఆ నంబరు ఇంకొకరికి పోతుంది. నేను మళ్లీ అదే నంబరుకు వెళ్తున్నాను. అప్పటికది కాపీ అవుతున్న ఏదో ఫొటోది. దాన్ని మధ్యలోనే మూసేస్తున్నాను.

"అంటే పరాయోళ్ల చెప్పులేసుకొస్తున్నవన్నట్టు" అన్నాడు.

ఆ close వరుస ఒక్కటి తీసేసి, డిస్కుకు దండం పెట్టి నడిపాను. ముసలమ్మ నిండుగా వచ్చింది.

పెద్దాయన తెర దగ్గరికి జరిగాడు. ఫొటోలో ఆయన చుట్టాలకు నమస్కారం పెడుతున్నాడు. వెనక కుర్చీలో కూర్చున్న తల్లి ఆయన చొక్కా కొస పట్టుకుని ఉంది.

"పట్టుకున్నదా?" అన్నాడు. "నాకు తెల్వనే లేదు బిడ్డా."