ఓబులమ్మకు ఓ ముఖం

ఓబులమ్మకు చదవడం వచ్చిన మాట లోకంలో ఒక్కటే, అది తన పేరు. అదైనా ముచ్చటపడి నేర్చుకుంది కాదు. ఆళ్లగడ్డ శిల్పుల షెడ్లలో ముప్పై ఏళ్లుగా రాతి విగ్రహాలకు పాలీషు పట్టీ పట్టీ ఆమె వేళ్ల మీద గీతలన్నీ అరిగిపోయాయి. రేషను మిషను మీద బొటనవేలు పెడితే, ఈమె ఓబులమ్మ కాదు పొమ్మని ఎర్ర దీపం వెలిగేది. "నేను గాకుంటే మీ నాయనా ఓబులమ్మ?" అని మిషన్ను నాలుగు తిట్టి, ఇది పని కాదని మనవరాలు సిరిని పక్కన కూర్చోబెట్టుకుని నాలుగక్షరాలు దిద్దింది. సంతకం వచ్చేసింది.

వచ్చాక అసలు తంటా మొదలైంది. ఎటు చూసినా తన పేరే! అహోబిలం ఓబులేసు స్వామి పుణ్యమా అని ఆ వైపు ఇంటికో ఓబులేసు, వీధికో ఓబులమ్మ ఉంటారు కదా. బియ్యం మిల్లు గోడ మీద ఓబులమ్మ, నంద్యాలకు పోయే ప్రైవేటు బస్సు నుదుటి మీద ఓబులమ్మ, చాగలమర్రి దారిలో టీ కొట్టు రేకు మీద ఓబులమ్మ. మిగతా అక్షరాలేవీ తెలియవు కాబట్టి రాసినదంతా తన గురించే అని ఆమె తీర్మానించుకుంది. బస్సెక్కి, "నా బండిలో నాకే టికెట్టా ఏందప్పా?" అని కండక్టరును అడిగేది. అతను నవ్వేవాడు, టికెట్టు మాత్రం కొట్టేవాడు. పాపం, అయినా ప్రతిసారీ అడిగేది.

నంద్యాలలో ఒక పెద్ద గేటు మీద కూడా ఆ పేరు కనిపించింది. సిరి మొత్తం చదివి వినిపించింది. శ్రీమతి ఓబులమ్మ స్మారక బాలికల జూనియర్ కళాశాల.

"స్మారక అంటే ఏందే?"

"పోయినోళ్ల గుర్తుకు పెట్టేదవ్వా."

"అయ్యో, నేను పోయినట్ల నాకొగరూ చెప్పలేదే!"

నవ్వులాటకేం గానీ, ఆ గేటుతోనే ఆమెకు పనిపడింది. సిరి పదో తరగతి బాగా పాసైంది. ఆ కాలేజీలో హాస్టలుతో సహా ఉచిత సీట్లు కొన్ని ఉన్నాయి. అవ్వా మనవరాలూ ప్రిన్సిపాల్ ఉమామహేశ్వరమ్మ ముందు నిలబడ్డారు. ఆమె మంచిదే, నియమం చెప్పింది.

"ఉచిత సీటుకు ఓబులమ్మగారి కుటుంబం నుంచి ఉత్తరం తేవాలమ్మా."

"యే ఓబులమ్మ కుటుంబం?"

"అదే ఇంతవరకూ నాకూ తెలీలేదు," అంది ప్రిన్సిపాల్ గొంతు తగ్గించి.

సంగతేమిటంటే, నలభై ఏళ్ల కింద ఆ కాలేజీకి స్థలం ఆ బియ్యం మిల్లువాళ్లు ఇచ్చారు, భవనం ఆ బస్సులవాళ్లు కట్టించారు. ఎవరి అవ్వ పేరు పెట్టాలని తగువు రాబోతే, చూద్దురుగదా, ఇద్దరు అవ్వల పేరూ ఓబులమ్మే! ఇద్దరికీ కలిపి ఒకటే బోర్డు సరిపోయింది. ఆ బోర్డు మా అవ్వదేనని రెండు ఇళ్లవాళ్లూ నలభై ఏళ్లుగా ఎవరిపాటికి వాళ్లు సంతోషంగా ఉన్నారు.

సంతోషం వాళ్లకు, తిరుగుడు ఓబులమ్మకు. మిల్లువాళ్లను అడిగితే ఈ ఏడాది ఉత్తరమిచ్చే వంతు బస్సులవాళ్లదన్నారు. బస్సులవాళ్లను అడిగితే మిల్లువాళ్లదన్నారు. నాలుగోసారి తిరిగొచ్చిన రోజు సిరి అన్నం కలుపుకుంటూ, "అవ్వా, రేపట్నుంచి నేనూ షెడ్డుకొస్తా, పాలీషు పడతా," అంది. ఓబులమ్మకు ఒళ్లు మండిపోయింది. "ఇంగోసారి ఆ మాటన్యావంటే మూతి పగలగొడతా," అని అరిచి, చెయ్యి కడుక్కుని లేచిపోయింది. ఆ పిల్ల తన పక్కన రాళ్లముందు కూర్చోవడమన్నది ఆమె తలచుకోలేకపోయింది. కోపం కాదది, భయం.

ఆ వారంలోనే షెడ్డు యజమాని రామాంజనేయులు ఆచారికి ఆ రెండు ఇళ్ల నుంచీ కలిపి ఒక ఆర్డరొచ్చింది. కాలేజీ ముందర ఓబులమ్మగారి విగ్రహం పెట్టాలి! పేరంటే ఇద్దరికీ సరిపోయింది గానీ, విగ్రహానికి ముఖం ఒక్కటే ఉంటుందని ఆర్డరిచ్చే ముందు ఎవరికీ తోచలేదు. ఫోటోలా, ఏ ఇంట్లోనూ లేవు. మిల్లువాళ్లు వచ్చి, మా అవ్వకు కోల ముఖం, గడ్డం ముందుకుంటుంది అని చెప్పిపోయారు. బస్సులవాళ్లు వచ్చి, మా అవ్వది గుండ్రటి ముఖం, గడ్డమే ఉండదు అని చెప్పిపోయారు. ఇద్దరూ పోతూ పోతూ, "పోలిక తప్పిందో, రాయి నీకే వదిలేస్తాం," అని బెదిరించి పోయారు.

ఆచారి ఉలి కింద పెట్టి తల పట్టుకున్నాడు. "దేవుళ్లకైతే కొలతలుండాయక్కా. నరసింహస్వామి ముక్కు ఎంతుండాలో మా తాత లెక్క చెప్పిపోయినాడు. ఈ ఓబులమ్మకు ఏ లెక్క జూసేది?"

పక్కన ఒక నంది వీపు రుద్దుతూ ఓబులమ్మ తలెత్తింది. "నేనూ ఓబులమ్మనే గదప్పా. నన్ను జూసి కొట్టు."

"నీకేమన్నా పిచ్చా? నన్ను బతకనిస్తావా లేదా?"

"వాళ్లను జూసినోళ్లు ఎవరుండారు గనక? పేరొకటే మిగిలె. ఆ పేరు నాకుండాది. మొగం గూడా ఉండాది. ఊరికే ఇస్తాంటే నీకేం నొప్పి?"

ఆమె మనసులో లెక్క వేరే ఉందని వేరే చెప్పాలా? గేటు ముందర తన ముఖం నిలబడ్డాక తన మనవరాలిని ఎవరు బయటికి పంపుతారో చూద్దామనుకుంది. ఆచారి రెండు రోజులు తిట్టి, మూడోరోజు గోనెపట్టా పరిచి కూర్చోమన్నాడు. బుగ్గల్లో నవ్వు ఆపుకోలేక వారం రోజులు ఆయన ప్రాణం తీసింది. రాయి సిద్ధమయ్యాక పాలీషు ఇంకెవరు పట్టాలి, తన చెంపలు తనే రుద్దుకుంది. నుదుటి మీది రెండు ముడతలు ఇంకాస్త గట్టిగా రుద్దింది, పోలేదు.

ఆవిష్కరణ రోజుకు కాలేజీలో ఇంకో మూడు రోజులే అడ్మిషన్లు. సిరిని వెంటబెట్టుకుని ఓబులమ్మ జనం వెనకాల నిలబడింది. గుడ్డ లాగారు. సిరి నోరు తెరిచింది. అవ్వ ఆ నోరు చేత్తో మూసేసింది.

"మా అవ్వే! ఆ గడ్డం జూడు!" అన్నారు మిల్లువాళ్లు.

"ఆ చూపు మా అవ్వదే!" అన్నారు బస్సులవాళ్లు. నాలుగుసార్లు తమ గుమ్మంలో నిలబడిన ముఖమని ఏ ఇంటివాళ్లకూ తట్టలేదు.

నలభై ఏళ్లలో మొదటిసారి ఇద్దరూ ఒకరి నోట్లో ఒకరు లడ్డూలు పెట్టుకున్నారు. స్తంభం వెనక ఆచారికి ప్రాణం లేచొచ్చింది.

ఇంతలో చక్రాల కుర్చీ ఒకటి జనాన్ని తోసుకుంటూ వచ్చి ఓబులమ్మ ముందు ఆగింది. అందులో ఉన్నది సుబ్బలక్ష్మమ్మ, మిల్లువాళ్ల ఓబులమ్మకు కడుపున పుట్టిన కూతురు. ఎనభై ఎనిమిదేళ్లు. ఆమె విగ్రహాన్ని చూసింది, ఓబులమ్మను చూసింది, మళ్లీ విగ్రహాన్ని చూసింది.

"ఆడుండేది నువ్వే గదూ?"

ఓబులమ్మ సిరిని వెనక్కి లాక్కుంది. ఆచారి పని పోతుంది, సిరి సీటు పోతుంది. అబద్ధమాడదామనే నోరు తెరిచింది.

"అవునమ్మా," అంది చివరికి. "తప్పయింది. ఆచారప్పను ఏమనొద్దండి, ఇది నా ఆలోచనే. ఈ పిల్లకు ఇక్కడ సీటు కావాలని నాలుగుతూర్లు మీ ఇండ్ల చుట్టూ తిరిగినా. ఒగరూ ఉత్తరమీయలే. అందుకని మొగమే తెచ్చి ఈడ పెట్టినా."

చెప్పి తల దించుకుంది. సుబ్బలక్ష్మమ్మ చెయ్యి చాపి, ఆమె గడ్డం పట్టి ముఖం పైకెత్తి చూసింది.

"మా యమ్మ పోయేనాటికి నాకు ఐదేండ్లు," అంది తర్వాత. "మొగం గుర్తులేదు. ఎన్నిసార్లు కండ్లు మూసుకున్నా కనపడదు. మావోళ్లు గడ్డం అంటారు, కండ్లంటారు, అంతా ఉత్తదే, వాళ్లేం జూసినారు? ఇప్పుడు గుడ్డ తీయంగానే నాకు అమ్మ కనపడె. ఇంగ ఈ మొగమే అమ్మ అనుకుంటా. నువ్వు పొయ్యి ఎవరికీ చెప్పొద్దు."

ఓబులమ్మ గబగబా తలూపింది.

"ఈ పిల్ల నీకు మనవరాలా?"

"అవునమ్మా, కూతురి కూతురు."

"మా యమ్మకు మనవరాలంటే నాకేమైతాది? కూతురే గదా. నా కూతురికి సీటీయమని నువ్వు ఊరంతా తిరుగుతాండావా, సిగ్గులేకుండా?" అని గద్దించి, సుబ్బలక్ష్మమ్మ ప్రిన్సిపాల్ను కేకేసింది. "ఇదో ఉమామహేశ్వరమ్మా, ఈ పాప మాది. లోపలికి పిల్చుకపో. ఉత్తరం కావాలంటే ఈ చక్రాల బండి తోసుకుని నా యెంబడి ఇంటికి రా, రాసిస్తా."

ఉమామహేశ్వరమ్మ ఎవరి ఓబులమ్మ అని అడగలేదు. సిరి చెయ్యి పట్టుకుని ఆఫీసులోకి తీసుకుపోయింది. ఓబులమ్మ ఏడుపు కొంగులో కుక్కుకుంటూ పక్కకు జరగబోయింది. సుబ్బలక్ష్మమ్మ ఆ కొంగు పట్టుకుని ఆపింది.

"యాడికి పోతాండావ్? ఒకతూరి నా తల మీద చెయ్యేసి పో," అంది.

ఓబులమ్మ వంగి ఆ ముసలి కూతురి తల నిమిరింది.