చక్కెర తిరిగొచ్చిన దారి

నా చిన్నప్పుడు, ఆరో తరగతిలో మొదటిసారి ఇంగ్లీషు వాచకం చేతికొచ్చిన ఏడాది, బిజినేపల్లి బడికి ఇక పోనని మొండికేశాను. ఆ పొద్దున సారు పదిసార్లు పలికించినా ఒక మాటకు నా నోరు తిరగలేదు. గంటంతా నిలబెట్టారు, పిల్లలు నవ్వారు. అమ్మ నన్ను బతిమాలలేదు. "బడి వద్దంటే రేపట్నుంచి నాతోని పల్లిచేన్ల కలుపుకు రా" అని, నా కోసం ఒక చిన్న కొడవలి తీసి గడప పక్కన పెట్టింది. అమ్మ అన్నదంటే అన్నట్టే.

మా తాత అరుగు మీద నుంచి అంతా విన్నాడు. ఆయన ఉర్దూలో చదువుకున్నవాడు, పార్సీ కూడా వచ్చు. ఇంగ్లీషు మాత్రం ఒక్క అక్షరం రాదు. నన్ను పిలిచి, కళ్ళు మూసుకొమ్మని, రెండు అరచేతుల్లో చిటికెడు చిటికెడు ఏదో పోశాడు.

"వేళ్ళతోని నలిపి చెప్పు బిడ్డా, ఏ చేతుల ఏమున్నది?"

రెండూ గరగరలాడాయి. "రెండిట్ల ఇసుకనే" అన్నాను. కళ్ళు తెరిస్తే ఒక చేతిలో వాగు ఇసుక, ఇంకో చేతిలో చక్కెర.

"మొదలు చూసినోళ్ళు గూడ గట్లనే అనుకున్నరు. సంస్కృతంల శర్కర అంటే గులకరాయి, ఇసుక. అండ్లకెల్లే మన చక్కెర. పార్సీల షకర్. అరబ్బులు సుక్కర్ అంటరని మా మౌల్వీ సాబు చెప్తుండె. ఆడికెల్లి ఓడెక్కి యాడికి పోయిందో నాకు తెల్వదు."

అది ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. వాచకం తెరిచి, పొద్దున నన్ను నిలబెట్టిన మాట మీద వేలు పెట్టి "షుగర్" అన్నాను. నోరు తడబడలేదు.

తాత మళ్ళీ చెప్పమన్నాడు. తానూ మెల్లగా పలికి చూసుకున్నాడు. తర్వాత నవ్వి, "అరే, గిది మనింటిదే గద! బొంబాయి పనికి పోయొచ్చిన మీ మామ లెక్క జర యాస మారింది, గంతే" అన్నాడు.

ఆ సాయంత్రం నోటుపుస్తకం చివరి పేజీలో ఆ మాటలన్నీ వరుసగా రాసుకున్నాను. నేను రాసిన మొదటి డైరీ పేజీ అదే. మర్నాడు సంచి తగిలించుకుని బయల్దేరితే, అమ్మ కొడవలిని మళ్ళీ చూరులో దోపింది.

మధ్యలో ఆ మాట లాటిన్‌లో, ఫ్రెంచిలో ఆగిందని చాలా ఏళ్ళకు నిఘంటువుల్లో చూసి, అదే పేజీలో చేర్చాను. అప్పటికి తాత లేడు. ఇప్పటికీ చాయ్‌లో వేసే ముందు, ఒక్కసారి కళ్ళు మూసుకుని చక్కెరను వేళ్ళతో నలుపుతాను. ఇసుకే.